ఈసురోమనడానికి మా ఇంట్లో ఎన్ని మాటలో

అటక మీంచి లాంతరు దింపుతుంటే గుప్పున కిరసనాయిలు వాసన కొట్టింది. దాన్ని వెలిగించి ముప్పై ఏళ్ళు దాటే ఉంటుంది. లోపల చుక్క నూనె లేదు, గ్లాసు ఎప్పుడో పగిలిపోయింది, ఒత్తి ఎండి అట్టముక్కలా అయిపోయింది, అయినా ఆ వాసన మాత్రం పోలేదు. అమ్మ సంవత్సరీకానికని తెనాలి వచ్చాం. కార్యక్రమం అయింది, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. ఇల్లు ఉంచుదామా అమ్మేద్దామా అన్న మాట ఎటూ తేలక, సరే ముందు అటకైనా సర్దుదామని నేనూ అక్కా మొదలుపెట్టాం. మా అమ్మాయి కింద కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని ఫోన్ చూసుకుంటోంది.

"ఏమ్మా, అలా ఉన్నావేం?" అన్నాను.

"బోర్ నాన్నా."

"బోరంటే?"

"బోరంటే బోరే."

నిచ్చెన మీదున్న అక్క పకపకా నవ్వింది. "అమ్మ ఉంటే ఈ సమాధానానికి ఊరుకునేదేనా?" అంది.

ఊరుకునేది కాదు. మా ఇంట్లో ఉత్సాహం లేకపోవడం అనేది ఒక్క మాటతో తేలిపోయే వ్యవహారం కాదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అమ్మ దాన్ని చేటలో పోసి చెరిగేది.

*

బడికి వెళ్ళనని మొండికేసే పొద్దున్నే చూడాలి ఆ తంతు. దుప్పటి లాగి, నుదురు కాదు, మెడ కింద వెనక చేత్తో తాకి చూసేది. అప్పటిదాకా పొయ్యి దగ్గర ఉందేమో ఆ చెయ్యి వేడిగా ఉండేది, నా ఒంటికి జ్వరం లేదని దానికి ఇట్టే తెలిసిపోయేది. "జ్వరం లేదు. నలతగా ఉందా, నీరసమా, బద్ధకమా?" అని అడిగేది, కొట్లో ఏ పప్పు కావాలో అడిగినట్టు.

అందులో తిరకాసు ఏంటంటే ఏ మాటకి ఆ మందు ఉండేది. నలత అంటే ఒళ్ళు కాస్త తేడాగా ఉన్నట్టు, ఆ రోజుకి బడి లేదు, మధ్యాహ్నం చారన్నం, చాప మీద పడుకోవచ్చు. నీరసం అంటే రాత్రి సరిగ్గా తినలేదని, రాగిజావలో మజ్జిగ పోసి ఉప్పేసి ఇచ్చి, రెండో పీరియడుకైనా పంపించేది. బద్ధకం అన్నామా, అయిపోయాం. చేతికి బకెట్టిచ్చి బోరింగు దగ్గరికి తోలేది. అంచేత మేమందరం "నలత" అనే అనేవాళ్ళం, అమ్మ మాత్రం ఎప్పుడూ మన మాట మీద నిలబడేది కాదు, మళ్ళీ తనే తేల్చేది.

ఇవేవీ కానప్పుడు ఇంకోటుండేది. అప్పుడు ఏమీ అడిగేది కాదు. "రా, ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీద్దువుగాని" అని వంటింట్లో పీట వేసేది. నేనో పది కాయలు తీసేసరికి లెక్కల నోటు పోగొట్టుకున్న సంగతో, పక్క బెంచీ వాడు మోకాలు మీద తన్నిన సంగతో దానంతటదే బయటికొచ్చేది. ఆ తర్వాత బడికి వెళ్ళడానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు, ఎందుకో మరి.

వేసవి సెలవుల్లో ఇంకో పేచీ. మధ్యాహ్నం రెండింటికి వీధిలో కాకి కూడా ఉండదు, నేల మీద పడి దొర్లుతూ "అమ్మా, తోచట్లేదూ" అని రాగం తీసేవాణ్ణి. ఒకసారి పచ్చడికి మామిడికాయలు తుడుస్తూ అంది: "తోచకపోవడం కాదురా నీది, పొద్దుపోకపోవడం. పొద్దుపోకపోతే పని కావాలి. తోచకపోతే మనిషి కావాలి. నీకు వీధి నిండా మనుషులున్నారు, ఇదిగో ఈ కాయలు తుడువు." గుడ్డ చేతిలో పెట్టింది. ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు. ఆ కాయల జీడి అంటుకుని మూతి పొక్కడం మాత్రం బాగా గుర్తుంది.

*

నాన్న తెలుగు మాస్టారు. ఆయన మాటలు వేరు. నిరుత్సాహం, నిరాసక్తత, నిర్లిప్తత, నిస్తేజం, అనాసక్తి. పరీక్ష పేపర్లు దిద్దుతూ "ఈ తరానికి భాష పట్ల నిరాసక్తత పెరిగిపోయింది" అంటే, అమ్మ వంటింట్లోంచే "మీ మాటలన్నిటికీ ముందో 'లేదు' తగిలించడమేగా, ఉన్నదేంటో చెప్పరేం?" అనేది. అప్పుడు నవ్వుకున్నాం గానీ, నాకిప్పటికీ ఆవిడ అన్నదే నిజమనిపిస్తుంది. నిర్, నిస్, అ... నాన్న మాటలు ఏదో ఒకటి లేదని చెప్పి ఊరుకుంటాయి. అమ్మ మాటల్లో ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుంటుంది. కరివేపాకు రెమ్మలా వడలిపోవడం, జావగారిపోవడం, నీరుగారిపోవడం, గోలీసోడా కొట్టి గంట వదిలేస్తే అయినట్టు చప్పబడిపోవడం. మనిషిని చూడకపోయినా ఆ మాట వింటే మొహం కనిపిస్తుంది.

నాన్న ఊరుకునేవారు కాదనుకోండి. "నీరసం అంటే ఏంటనుకున్నావ్? రసం లేకపోవడం. మీ అమ్మ రోజూ చారు పెడుతుందిగా, ఇంక ఈ ఇంట్లో నీరసమెక్కడిది?" అని ఆయన ఒక్కరే నవ్వుకునేవారు. ఈ జోకు వారానికి కనీసం రెండుసార్లు.

ఒక ఏడాది నన్ను ఆయన పనిచేసే స్కూల్లోనే వేశారు, వేమూరులో. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడే తెలుగు. రేకుల షెడ్డు, ఎండ, కడుపు నిండా పెరుగన్నం. గురజాడ దేశభక్తి గేయం వల్లె వేయిస్తున్నారు. అరవై మందిమి కునికిపాట్లు పడుతూ "ఈసురోమని మనుషులుంటే... దేశమేగతి బాగుపడునోయ్..." అని సాగదీస్తున్నాం. 'బాగుపడునోయ్' దగ్గరకొచ్చేసరికి సగం గొంతులు లేవు. నాన్న బెత్తం బల్ల మీద పెట్టి, "ఆగండ్రా. ఆయన దీన్ని 1910లో రాశారు. ఇంత ముందుగా మిమ్మల్ని ఎక్కడ చూశారంటారు?" అన్నారు. ముందు బెంచీ వాడెవడో లేచి "విజయనగరంలో సార్" అన్నాడు.

ఆయన కొట్టలేదు. ఈసురో అంటే అర్థం వెతక్కండి, అది మనిషిలోంచి గాలి పోయే చప్పుడు అని చెప్పి, అందరిచేతా ఊపిరి పీల్పించి "ఈసురో" అని వదిలించారు. షెడ్డంతా టైరు పంక్చరైనట్టు వినిపించింది. తర్వాతి పాదం చూడండి, ఈసురో అన్న వెంటనే 'జల్దుకొని కళలెల్ల నేర్చుకు' అన్నారు చూశారా, ఆ జల్దు మన జల్దీయే, ఈసురోకి మందు పక్కనే పెట్టారు మహానుభావుడు అన్నారు. ఆ రోజు పిల్లలందరూ మేలుకునే ఉన్నారు. ఆ ఒక్కరోజే.

*

సాయంత్రం ఆయనతో కలిసి రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజర్‌లో తెనాలి చేరేవాళ్ళం. ఉత్సాహం లేని బండంటే అదే. కూత కూడా ఆవలించినట్టుండేది. చేలమధ్య ఎందుకు ఆగేదో దానికే తెలియాలి, ఆగితే కప్పల బెకబెకలు వినిపించేవి, ఎవరో దిగి గట్టు మీద నడిచి ఇంటికెళ్ళిపోయేవారు, అది స్టేషన్ కాకపోయినా.

మరుసటేడు నన్ను మళ్ళీ తెనాలి బళ్ళోనే చేర్చారు. అప్పటినుంచి నాన్న రాక మాకు చెవులతోనే తెలిసేది. మొదట గేటు కిర్రుమనాలి. ఆ తర్వాత చెప్పులు. టకటకమంటే ఆ రోజు స్కూల్లో ఏదో మంచి జరిగింది. నేల మీద ఈడ్చుకుంటూ వస్తే అమ్మ పోపు గరిటె పట్టుకునే గొంతు తగ్గించి చెప్పేది: "డీలాగా వస్తున్నారు, ప్రోగ్రెస్ కార్డులు ఇప్పుడు తియ్యకండి." ఆయన కుర్చీలో కూలబడి ఉసూరుమంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "దీపాలవేళ ఉసూరుమనడమేంటండీ" అనేది. ఉసురంటే ప్రాణం కదా, సంజెవేళ దాన్ని అలా బయటికి ఒదలకూడదని ఆవిడ లెక్క.

కరెంటు సరిగ్గా ఆ టైముకే పోయేది. అప్పుడు ఈ లాంతరు. గ్లాసులో గుడ్డ పెట్టి తిప్పి తిప్పి ముగ్గుతో తుడిచేది అమ్మ, గాజు మీద పిండి గీసుకుంటున్న ఆ సన్నటి చప్పుడుకి నాకు పళ్ళు జివ్వుమనేవి. ఒత్తి చివర నల్లగా గడ్డకట్టి వెలుగు తగ్గితే "కొడిగట్టింది" అని కత్తెరతో అంచు సమంగా కత్తిరించేది. ఒక పక్క ఎత్తుగా ఉంటే మంట కొమ్ములా లేచి గ్లాసు మసిబారుతుంది, అందుకని కళ్ళు చికిలించి మరీ కత్తిరించేది. భార్య పోయిన మా వీధి చివరి స్కూలు గుమాస్తా గారి గురించి మాట్లాడుతూ ఒకసారి "పాపం ఆయన మొహం కొడిగట్టింది" అంది. ఇంకెవరూ మనిషికి ఆ మాట వాడగా నేను వినలేదు.

*

అక్క పెళ్ళిచూపుల సంగతి చెప్పకుండా ఉండలేను, నిచ్చెన మీంచి తనే గుర్తుచేసింది కూడా.

గుంటూరు వాళ్ళు వచ్చారు, నలుగురు. బజ్జీలు, కేసరి, కాఫీ. అరగంట కూర్చున్నారు. లేస్తూ "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అన్నారు. ఆ వాక్యానికి అర్థం తెలుగు దేశంలో తెలియని ఆడపిల్ల తండ్రి లేడు, నాన్న తప్ప. ఆయన మహా ఆనందంగా బస్టాండు దాకా వెళ్ళి సాగనంపి వచ్చారు. వచ్చేసరికి అమ్మ పళ్ళేలు తీస్తూ తీర్పు చెప్పేసింది: "కుదరదండీ. పెళ్ళికొడుకు ముభావంగా ఉన్నాడు, వాళ్ళమ్మ పొడిపొడిగా మాట్లాడింది, ఆ మావయ్య అయితే అంటీముట్టనట్టే కూర్చున్నాడు."

"మితభాషులే, పెద్దింటి మర్యాద" అన్నారు నాన్న.

"మితభాషులైతే కేసరి గురించి అంతసేపు మాట్లాడరుగా. పిల్ల ఏం చదివిందని ఒక్కళ్ళైనా అడిగారా? చివరి బస్సు ఎన్నింటికని మూడుసార్లు అడిగారు."

ఇరవై రోజులకి కార్డు వచ్చింది. జాతకాలు కలవలేదట. ముక్తసరిగా రెండే లైన్లు. అమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి, "నా కేసరి కలిసింది చాల్లే" అని దేవుడి గూట్లో కాకుండా పాలవాడి లెక్కల డబ్బాలో పడేసింది. అక్క ఆ రోజు భోజనం దగ్గర మామూలుగానే తింది. రాత్రి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆ విషయం ఇప్పుడు, ముప్పై ఏళ్ళ తర్వాత, నిచ్చెన మీద నుంచుని చెప్పింది. వాళ్ళని పెళ్ళాడి ఉంటే ఆ ముభావం మొహాన్ని ఎన్నేళ్ళు చూడాల్సి వచ్చేదో అని మళ్ళీ తనే నవ్వింది.

నా వాటాకొచ్చిన మాట ఆరంభశూరత్వం. టైపు లోయరుకి చేరి మూడు నెలల ఫీజు కట్టించి నెలన్నరకే మానేశాను. హిందీ ప్రాథమిక పాసయ్యాను, మధ్యమకి పుస్తకాలు కొనిపించి అట్టలు వేసి పెట్టాను, అంతే. మృదంగం రెండు వారాలు. ఇంతకన్నా చెప్పుకోవడానికేం లేదు.

*

హైదరాబాదులో మొదటి ఉద్యోగం పాతబస్తీలో, పత్థర్‌గట్టీ దగ్గర ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాయడం. మేనేజరు పెద్దాయన, ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. చేరిన రెండో నెలలో ఒళ్ళు కాలిపోతుంటే ఇంటి ఓనరు ఫోన్‌లోంచి చేశాను. "సార్, నాకు సుస్తీగా ఉంది, ఇవాళ రాలేను."

అటువైపు ఒక క్షణం నిశ్శబ్దం. "సుస్తీ అందరికీ ఉంటుంది మియా. నాకూ ఉంది. మొహం కడుక్కుని వచ్చెయ్" అని పెట్టేశారు.

ఎంత కఠినాత్ముడో అనుకుని నూటరెండు జ్వరంతో సిటీబస్సెక్కి వెళ్ళాను. నన్ను చూసి, చెయ్యి పట్టుకుని చూసి, కంగారుపడిపోయారు. "బుఖార్ అని చెప్పొద్దా? సుస్తీ అన్నావేంటి?" మా గుంటూరు జిల్లాలో సుస్తీ చేసిందంటే జబ్బు చేసినట్టు. ఆయన ఉర్దూలో సుస్తీ అంటే అచ్చంగా బద్ధకం. అంటే నేను మేనేజరుకి ఫోన్ చేసి, నాకు బద్ధకంగా ఉంది సార్, రాను అని చెప్పానన్నమాట! ఆటో ఎక్కించి, డబ్బులు తనే ఇచ్చి పంపించారు. ఆ తర్వాత ఎప్పుడు ఆలస్యంగా వెళ్ళినా "మీ తెనాలి సుస్తీనా, మా సుస్తీనా?" అని అడిగేవారు.

సంక్రాంతికి ఆ కొట్టు మేడ మీద పతంగులు. పేంచి పడ్డప్పుడు పక్క మేడల వాళ్ళు "ఢీల్ దే, ఢీల్ దే" అని అరుస్తుంటే, దారం వదులు చెయ్యమంటున్నారని అర్థమై, నాకు ఒక్కసారి మా వీధి గేటు, నాన్న చెప్పులు గుర్తొచ్చాయి. మా అమ్మ డీలా ఇక్కడిదా అని ఆశ్చర్యపోతూ నిలబడిపోయాను, ఈలోపు నా పతంగి తెగిపోయింది.

*

ఇవాళ పొద్దున కార్యక్రమం చేయించిన పంతులుగారు గంటలో ముగించేశారు. మధ్యలో రెండు ఫోన్లు. "తూతూమంత్రంగా కానిచ్చాడు" అంది అక్క. నేను "మొక్కుబడిగా" అనబోయి ఊరుకున్నాను. ఆ మాట అమ్మకి నచ్చేది కాదు. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గితే, మొక్కుకున్న ప్రకారం అలిపిరి నుంచి 3,550 మెట్లూ పసుపు రాసి బొట్లు పెట్టుకుంటూ ఎక్కింది. రాత్రికి నడుం పట్టేసి మూడు రోజులు లేవలేదట. "మొక్కుబడి అంటే అదిరా, మనసు లేకుండా చేసేదాన్ని మొక్కుబడి అంటారేంటి మీ పేపర్లవాళ్ళు?" అని వాదించేది. ఆ వాదనకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నాన్న పోయాక ఆవిడ ఆ ఇంట్లో ఒక్కత్తే ఆరేళ్ళు ఉంది. నా దగ్గరికి వస్తే పది రోజులు, అక్క దగ్గర పదిహేను రోజులు, మళ్ళీ తెనాలి. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేవాణ్ణి. తిన్నావా, బీపీ మాత్ర వేసుకున్నావా, పనిమనిషి వచ్చిందా. ఎలా ఉన్నావంటే "ఏదో ఉన్నాలే" అనేది. ఒకరోజు మాత్రం, ఆఫీసులో ఇయర్ ఎండింగ్ టెన్షన్‌లో ఉన్నాను, లాప్‌టాప్ మీద ఒక కన్నేసే మాట్లాడుతున్నాను, "ఏంటో తోచట్లారా" అంది.

"అంతేనా" అన్నాను. వారం తిరిగేసరికి నలభై మూడు అంగుళాల టీవీ పంపించాను. కేబుల్ అతనితో మాట్లాడి భక్తి ఛానళ్ళన్నీ పెట్టించాను. బాగుందామ్మా అంటే, బాగుందిరా, బొమ్మలు పెద్దగా ఉన్నాయి అంది. మళ్ళీ ఎప్పుడూ తోచట్లేదన్న మాట అనలేదు. టీవీ పనిచేసిందనుకున్నాను.

లాంతరు గచ్చు మీద పెట్టి చేతులు కడుక్కునేసరికి మా అమ్మాయి ఆ టీవీ పెట్టింది. రిమోట్‌కి అమ్మ చుట్టిన ప్లాస్టిక్ కవరు, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు, అలాగే ఉన్నాయి. కనెక్షన్ ఎప్పుడో తీసేశారు కాబట్టి నీలం తెర వచ్చింది. సౌండ్ నొక్కి చూస్తే కింద గీత సున్నా దగ్గర్నించి మొదలైంది.

"ఇది మ్యూట్‌లో ఎందుకుంది?" అంది మా అమ్మాయి.

మిగిలిన బూరెలు తీసుకెళ్ళడానికి వచ్చిన పక్కింటి పిన్నిగారు గుమ్మంలో నిలబడి చెప్పింది. "మీ నానమ్మ ఎప్పుడూ దానికి గొంతు పెట్టనిచ్చేది కాదమ్మా. ఊరికే బొమ్మలు ఆడుతుండేవి. సౌండ్ పెడితే గేటు చప్పుడు వినపడదనేది."